కింద కాళ్లు లేవు

పురసవాక్కంలో చేపల దుకాణం పక్క మెట్లు దిగితే
మునిరత్నం గారి అచ్చాఫీసు.
శుక్రవారం రాత్రి పదింటికి ఫోను:
"పొద్దున ఏం చేసి పోయావమ్మా నువ్వు?"

పొద్దున నేను చేసింది చిన్న పని.
పాత లినక్సును కొత్తది చేశాను.
చివర్లో అది మర్యాదగా జాబితా చూపించింది:
ఇవి పద్నాలుగు, ఇక ఎవరికీ అక్కర్లేదు, తీసెయ్యనా?
పైన రోడ్డు మీద ఆటో ఆగి ఉంది, మీటరు తిరుగుతోంది.
చదవకుండా వై నొక్కాను.

తప్పు మొదట కనిపెట్టింది తైయల్‌నాయకి.
ఆమెకు తెలుగు చదవడం రాదు.
పదహారేళ్లుగా తెలుగు అచ్చు వేస్తోంది, అంతే.
కాగితాన్ని ట్యూబులైటు కిందికి పట్టి
"కింద కాళ్లు లేవు" అంది తమిళంలో.

నిజమే.
వత్తులన్నీ ఊడి
రేషను క్యూలోలా
ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి.

సోమవారం పరీక్ష.
కార్పొరేషను బడి, ఏడో తరగతి, తెలుగు మీడియం,
పిల్లలు పదకొండు మంది.
మూడో ప్రశ్న: కింది పదాలను విడదీసి రాయండి.
దాని కింద, అప్పటికే విడిపోయి,
విద్ యాభ్ యాసము.
నాకు నవ్వొచ్చింది.
మునిరత్నం గారి మొహం చూసి మానుకున్నాను.

ప్రోగ్రాము తెరుచుకుంటోంది.
అక్షరాలను కలిపే ముక్క ఒక్కటే మూగబోయింది.
దాన్నే అడిగాను:
నువ్వు ఎవరెవరి మీద ఆనుకుని బతుకుతున్నావు?
ఏ దాపరికమూ లేకుండా తొమ్మిది పేర్లు చెప్పింది.
ఎనిమిదింటికి ఎదురుగా చిరునామా.
ఒకదానికి ఎదురుగా
దొరకలేదు.

ఆ పేరు చివర అంకె నాలుగు.
ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఏడు.
ఏడు మీద నాలుగని చీటీ అంటించాను.
మా వృత్తిలో అందరం ఆడే అబద్ధమే,
అప్పుడప్పుడు నెగ్గుతుంది కూడా.
'విద్యా' దాకా నెగ్గింది.
తర్వాత కిటికీ మూసుకుపోయి, నల్ల తెర మీద ఒకే ముక్క:
సెగ్మెంటేషన్ ఫాల్ట్.

సరే, అసలు నాలుగునే తెద్దామని బయల్దేరితే
దానికి ఇంకొకటి కావాలి,
ఆ ఇంకొకటి, పొద్దున నేను పంపేసిన
మరో రెండింటి పేర్లు చెప్పింది.
తీగ లాగాను.
డొంక హైరోడ్డు దాకా ఉంది.
పాత సర్వరు గేటుకు తాళం,
ఆ వెర్షనుకు కాలం చెల్లిందని బోర్డు.

పన్నెండున్నర.
వాన మెట్లు దిగి లోపలికొస్తోంది.
గోనెసంచులు అడ్డం పేరుస్తూ తైయల్‌నాయకి
"ఆరోగ్యసామి డబ్బా చూశావా?" అంది.

నాకు ముందు ఈ యంత్రాన్ని చూసుకున్నవాడు ఆరోగ్యసామి.
నేనతన్ని ఎప్పుడూ చూడలేదు.
అతను పెట్టిన పాస్‌వర్డే ఇప్పటికీ వాడుతున్నాను.

ఇంకు సీసాల వెనక బిస్కెట్ల రేకు డబ్బా,
అందులో బనియను గుడ్డ చుట్టిన సీడీ.
పైన మార్కరుతో తమిళం.
ఈసారి చదవడం రానిది నాకు.
ఆమే చదివి పెట్టింది:
"తీసేశాక కావాలి."

పద్నాలుగులో పదమూడు ఉన్నాయి.
పద్నాలుగోది, పాపం, నిజంగానే ఎవరికీ అక్కర్లేదు.

కొత్తవాటితో కలపలేదు వాటిని.
పక్కన చిన్న గది కట్టి కూర్చోబెట్టి
ఆ ఒక్క ప్రోగ్రాము చెవిలో చెప్పాను:
ముందు అక్కడ వెతుకు, తర్వాతే ఊరంతా.

రెండుంబావుకి
విద్యాభ్యాసము ఒక్కటిగా వచ్చింది,
విడదీయడానికి పిల్లలకు వీలుగా.

పదకొండు ప్రతులు, టీచరుకొకటి.
మునిరత్నం గారు కాగితం మీద లెక్క వేశారు,
నలభై ఎనిమిది రూపాయలు.
రాత్రి కరెంటు ఖర్చు కలపలేదు.
నేను కూలి అడగలేదు, ఆయన ఇవ్వలేదు.
కాళ్లు లేని కాగితాలతో తైయల్‌నాయకి
రోలరు తుడుస్తోంది.

ఆ పదమూడు పేర్ల పక్కనా
కదపవద్దు అని గుర్తు పెట్టాను.
సీడీకి మళ్లీ గుడ్డ చుట్టాను.
మార్కరు చేతిలోనే ఉంది,
అతని మాట కింద ఏం రాయాలో తోచలేదు.
తేదీ వేసి
డబ్బా మూశాను.